ధర్మవరం చేరని మీటరు

బండికి పెద్ద టైర్లు వేయించామని ఎవరైనా చెబితే నాకు ముందు వచ్చేది అనుమానం. తర్వాత వచ్చేదీ అదే. హిందూపురంలో మా వీధికి వచ్చే పాలామె కొలత చెంబు మార్చినా, కూరగాయలామె తక్కెడ మార్చినా అడక్కుండా ఉండలేను. ఏళ్ళ తరబడి బడిలో తెలుగు చెప్పినదాన్ని. సెలవు చీటీ మీద తండ్రి సంతకం నిజంగా తండ్రి పెట్టిందేనా అని తిప్పి తిప్పి చూడకుండా ఒక్క పిల్లవాణ్ణీ ఇంటికి పంపలేదు. పిల్లలు నాకు పెట్టిన పేర్లు నాకు తెలియవనుకున్నారు గానీ అన్నీ తెలుసు. ఈ గుణం నాకు ఉద్యోగంలో అబ్బింది కాదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్నది, పసుపు కుంకాలతో పాటు.

మొన్న మా చిన్నాయన కొడుకు గంగాధర ఫోన్ చేశాడు. "అక్కా, పికప్‌కు లావు టైర్లు ఏపిచ్చినా. ఒగసారి వచ్చి చూసిపో. నాయన గూడా నిన్ను అడుగుతాండాడు," అన్నాడు. చిన్నాయనకు ఎనభై దాటాయి. ఆయన నన్ను అడగడం వింతేమీ కాదు. కానీ టైర్లు చూడ్డానికి రమ్మనడమేమిటి? ఏదో ఉందనుకుంటూనే పరిగి బస్సెక్కాను. నేను పోయేసరికి బండి ఇంటి ముందే ఉంది. చింతపండు మూటలు ఎక్కించి తాళ్ళు బిగించేశారు. డ్రైవరు బాబ్జాన్ ధర్మవరం బయల్దేరబోతున్నాడు. నా నడుముకు కొంచెం తక్కువగా నాలుగు నల్లటి టైర్లు, వేలు దూరేంత లోతు గాడులతో. "ఎందుకురా ఇంతింత టైర్లు?" అని అడిగాను. "గతుకులక్కా. టిప్పర్లు తిరిగి తిరిగి తోటకాడి రోడ్డు గుంతలు పడిపోయినాది. పాత టైర్లు బరువు తట్టుకోల్యాకపోతాండాయి," అన్నాడు. మామూలు జవాబే. అరుగు మీద మంచంలో కూర్చున్న చిన్నాయన మాత్రం ఆ టైర్ల వైపు చూడలేదు. తల అటు తిప్పుకున్నాడు. బండి వెళ్ళిపోయాక ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మా ఇద్దరి మనసుల్లో ఒకటే పాత బండి ఉందని ఇద్దరికీ తెలుసు.

ఆ ఇంటి సంగతి ముందు చెప్పాలి. అది అనుమానాల ఇల్లు. మా అవ్వ రాగిపిండి గంపలో పిండిని అరచేత్తో చదును చేసి, పైన తన చేతి గుర్తు అచ్చు వేసి మూత పెట్టేది. మళ్ళీ మూత తీసినప్పుడు అయిదు వేళ్ళూ చెదరకుండా ఉన్నాయా అని వంగి చూసేది. కోడళ్ళ మీద కోపంతో కాదు. కోడళ్ళంటే ఆమెకు ప్రాణమే, కాకపోతే నమ్మకం లేదు, అంతే. కళ్ళంలో వేరుశెనగ రాశి పోస్తే చుట్టూ బూడిదతో ముద్రలు వేయించేది. తెల్లారి ఒక్క ముద్ర అలికినట్టున్నా ఊరంతటినీ పేరుపేరునా తిట్టిపోసేది. ఎవరూ బాధపడేవాళ్ళు కాదు, ఎందుకంటే వాళ్ళ రాశులకూ ముద్రలు ఉండేవి. మాకు తాళాలు తక్కువ, గుర్తులు ఎక్కువ. నెయ్యి గిన్నె ఏ గీత దాకా ఉందో, చక్కెర డబ్బా మూత ఏ వైపు తిరిగి ఉందో అవ్వకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఆమె ఇద్దరు కొడుకుల్లో ఆ చూపు పూర్తిగా వచ్చింది చిన్నవాడికి, అంటే మా చిన్నాయనకు. మా నాయనకు ఒక్క పిసరు కూడా రాలేదు. ఆయన దేన్నీ రెండోసారి చూసేవాడు కాదు.

ఎండాకాలం మొదలయ్యేసరికి మా వాకిలంతా చింతపండే. చుట్టుపక్కల ఊళ్ళలో చెట్లు గుత్తకు పట్టి, కాయ రాలగొట్టించి, ఇంటికి తెచ్చేవాళ్ళు. ఆడవాళ్ళు వరసగా రాళ్ళు పెట్టుకుని కూర్చుని చెక్క సుత్తులతో కొడుతూ, పెంకు తీసి, నార లాగి, గింజ వేరు చేసేవాళ్ళు. టకటకమని పొద్దంతా ఒకటే శబ్దం. ఆ వాసన ఇంటి గోడలకు, పరుపులకు, మా జడలకు పట్టేది. అప్పుడు నేను హిందూపురంలో ఇంటరు చదివేదాన్ని. బస్సులో పక్క సీటు అమ్మాయి "మీ ఇంట్లో రోజూ పులుసేనా?" అని అడిగితే ఏడుపొచ్చేది. అమ్మ వేళ్ళ సందుల్లో నలుపు శ్రావణమాసం దాకా పోయేది కాదు. గింజ తీసిన పండును గోతాల్లో వేసి కాళ్ళు కడుక్కుని మేమే తొక్కేవాళ్ళం. తొక్కిన మూట ఒక్క మనిషి లేపలేనంత బరువయ్యేది. ఆ మూటల్ని ధర్మవరం సెట్టి అంగడికి చేర్చడం నాయన పని. చెట్లు, కూలీలు, తూకం, ఇల్లు చిన్నాయన పని. రోడ్డు ఒకరిది, వాకిలి ఒకరిది. ఆ పంపకం అవ్వే చేసింది, ఎవరి గుణం ఎక్కడ పనికొస్తుందో తెలిసి.

పికప్ అనే మాట అప్పట్లో మాకు తెలియదు. తొట్టి బండి అనేవాళ్ళం. ముందు ఇద్దరు కూర్చునే గది, వెనక తొట్టి. ఇద్దరన్నదమ్ములూ కలిసి కొన్నారు. చిన్నాయనకు డ్రైవింగు రాదు, నేర్చుకోలేదు. కానీ నాయన ఇంటికొచ్చి, బండి ఆపి, కాళ్ళూ మొహం కడుక్కోవడానికి దొడ్లోకి పోగానే చిన్నాయన బండి తలుపు తెరిచి, ఒక కాలు లోపల పెట్టి, మీటరు వైపు వంగి చూసేవాడు. అంకెలు ఎక్కడా రాసుకునేవాడు కాదు, ఆ అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు. అవ్వ పిండి గంప మూత తీసి చూసినట్టే అది ఆయనకు ఒక అలవాటు. ధర్మవరం పోయొస్తే మీటరు ఎంత తిరగాలో ఆయనకు ఒకటే లెక్క. ప్రతిసారీ అంతే తిరిగేది. చూసి, తలుపు మెల్లగా వేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. ఆడవాళ్ళం అందరం చూసేవాళ్ళం. నాయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని మాకు తోచలేదు.

ఒక ఎండాకాలం నిండు బరువుతో పోతుంటే పెనుకొండ దాటినాక వెనక టైరు పేలిపోయింది. బండి ఒక పక్కకు ఒరిగి, మూటలు రోడ్డు మీద దొర్లి, మిట్టమధ్యాహ్నం ఎండలో చింతపండు తారుకు అతుక్కుపోయిందట. పెనుకొండ నుంచి మనుషుల్ని పిలుచుకొచ్చి, మూటలు మళ్ళీ ఎక్కించి, సాయంత్రానికి ధర్మవరం చేరాడు నాయన. ఇంటికొచ్చాక అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. అన్నం కలపలేకపోతే అమ్మ ముద్దలు చేసి పెట్టింది. రెండు రోజులు బండి ముట్టలేదు. మూడో రోజు హిందూపురం పోయి నాలుగు చక్రాలకూ కొత్త టైర్లు వేయించుకొచ్చాడు. ఇప్పుడు గంగాధర వేయించినట్టే, లావువి, ఎత్తువి, లారీ టైర్లకు తమ్ముళ్ళలాంటివి. అవి తిరగడానికి చోటు చాలక మడ్‌గార్డు అంచులు కోయించాడట. బండి జానెడు పైకి లేచినట్టుంది. అవ్వ ఎక్కబోయి కాలు అందక, "ఇది బండా, మిద్దెనా?" అని తిట్టింది. గుమ్మడికాయ దిష్టి తీసి పగలగొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆ టైర్ల కింద నిమ్మకాయలు నలిగిన చప్పుడు కూడా వినపడలేదు.

ఊళ్ళో వాళ్ళు ఊరుకుంటారా? ఒకరొకరే వచ్చి టైర్లను కాలితో తన్ని చూశారు. "ఏమప్పా, పెనుకొండ కొండ ఎక్కిస్తావా?" అన్నారొకరు. "మద్రాసు పోతాడేమోలే," అన్నారింకొకరు. నాయన నవ్వి ఊరుకున్నాడు. చిన్నాయన నవ్వలేదు. "తారు రోడ్డు మీద పోయేదానికి ఇంత టైర్లు యాల? రోడ్డు దిగేదానికి గానీ," అన్నాడు. అది వినడానికి మామూలు మాటే. కానీ మా ఇంట్లో అలాంటి మాట ఒకటి పడితే చాలు. ఆ వారమే నాయన ధర్మవరం పోయొచ్చాక మీటరు చూసి చిన్నాయన తలుపు వేయడం మరిచిపోయాడు. అట్లాగే నిలబడిపోయాడు. మీటరు తక్కువ తిరిగింది. తర్వాతి ట్రిప్పుకూ తక్కువే. ఆ తర్వాతా అంతే. రాత్రి చిన్నాయన అన్నం సగంలో వదిలేశాడని చిన్నమ్మ చెప్పింది.

మరుసటి రోజు నాయన లేనప్పుడు, చింతపండు కొట్టే ఆడవాళ్ళు భోజనానికి లేచినప్పుడు ఆయన అమ్మ దగ్గరికి వచ్చాడు. నేను గింజలు ఏరుతూ అక్కడే ఉన్నాను. "వదినా, అన్న ధర్మారం పోతానని పోతాండాడే, ధర్మారం పోవడం ల్యా," అన్నాడు. అమ్మకు అర్థం కాలేదు. "మీటరు చెప్తాండాది. ధర్మారం ఇంగా ఏడెనిమిది కిలోమీటర్లు ఉండంగానే బండి యెనక్కి తిరుగుతాండాది. ఈ టైర్లు ఏసినకాడి నుంచీ ఇదే కథ." అమ్మ సుత్తి కింద పెట్టింది. "సరుకు చేరినాదని సెట్టి కబురు పంపుతాండాడు గదప్పా?" అంది. "సెట్టీ అన్నా ఒగటయ్యింటారు. దార్లోనే యాడనో దింపుకుంటాండారు. ఆడ ఇంకొగ బేరం ఉండాది. ల్యాకపోతే ఇంగేమన్నా ఉండాది," అన్నాడు. ఆ 'ఇంగేమన్నా' దగ్గర అమ్మ మొహం మారడం నేను చూశాను. "నువ్వే ఒకసారి బండెక్కి పోయి చూసిరాకూడదా?" అని అడిగింది. "నేను పక్కన కూచుంటే ఆయప్ప ధర్మారమే పోతాడు. నేను ల్యానప్పుడు గదా చూడల్ల!" అన్నాడు. పోతూ పోతూ ఇంకో మాట అన్నాడు. "మనిషి అబద్దం చెప్తాడు వదినా. మీటరుకేం పని అబద్దం చెప్పేదానికి?" ఆ మాట అమ్మ నమ్మింది. నేనూ నమ్మాను. చదువుకునేదాన్నే, సైన్సు పుస్తకంలో చక్రాలూ చుట్టుకొలతలూ బట్టీ పట్టినదాన్నే. పుస్తకంలో చక్రం వేరు, మా నాయన బండి చక్రం వేరు అనుకునేదాన్ని కాబోలు.

అప్పటి నుంచి ఇంట్లో గాలే మారిపోయింది. నాయన చొక్కా ఉతకబోయే ముందు అమ్మ దాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసేది. డీజిలు, బీడీ, చింతపండు. ఆ మూడే ఉండేవి. ఆ మూడే ఉన్నందుకు కూడా ఆమెకు అనుమానమే. ధర్మవరం నుంచి ఒకసారి తల దువ్వుకుని, మొహం కడుక్కుని వచ్చాడు. "ఎవురింట్లో కడుక్కున్నావు?" అని అడిగింది. "సెట్టి అంగడికాడ కొళాయి ఉండాది గదా," అన్నాడు. అమ్మ తల ఊపింది. ఆ తల ఊపడం చూస్తే నాకు భయమేసేది. ఇంకోసారి అవ్వకు తమలపాకులు తెచ్చాడు. ఆకు లేతగా ఉందని అవ్వ మెచ్చుకుంది. తర్వాత అమ్మను పక్కకు పిలిచి, "ఈ ఆకు ధర్మారం ఆకు మాదిరి ల్యాదే," అంది. ధర్మవరం ఆకు ఎట్లా ఉంటుందో ఆమెకేం తెలుసు! నాకు నవ్వొచ్చేది, వెంటనే నవ్వు ఆగిపోయేది. ఎందుకంటే నేనూ నాయన మొహం వైపు వేరే చూపు చూడ్డం మొదలుపెట్టాను. ధర్మవరానికి ఇవతల, రోడ్డు దిగి లోపలికి పోయే మట్టిదారి ఒకటి, దాని చివర ఒక ఇల్లు నా కళ్ళకు కట్టినట్టుండేది. ఆ ఇంటి గడపకు పసుపు కూడా నేనే పూసేశాను.

చింతపండు కాలం ముగియబోతుండగా ఒక సాయంత్రం అది బయటపడింది. నాయన బండి దిగి దొడ్డి వైపు పోలేదు. దాహమేసి అరుగు మీదే కూర్చుని నీళ్ళడిగాడు. చిన్నాయన బండి దగ్గరికి పోవడానికి వీల్లేక కాసేపు అటూ ఇటూ తిరిగి, ఇక ఓర్చుకోలేక ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"అన్నా, ఒగ మాట అడుగుతా. యాడ దిగుతాండావు రోడ్డు?"

"ఏం రోడ్డురా?"

"ధర్మారం రోడ్డు. ఈ టైర్లు ఏసినకాడి నుంచీ నువ్వు ధర్మారం దాకా పోవడం ల్యా."

నాయన పెద్దగా నవ్వాడు. "ధర్మారం పోకపోతే చింతపండు యాడ పోసొస్తాండానురా, చిత్రావతి యేట్లోనా?"

"నవ్వొద్దు. నేను మీటరు చూసినా."

"ఏ పొద్దు చూసినావు?"

"దినామూ చూస్తాండా. బండి కొన్నకాడి నుంచీ."

నాయన చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది. నవ్వు ఒక్కసారిగా పోలేదు. కొంచెం కొంచెంగా పోయింది. "దినామూనా?" అన్నాడు, నమ్మలేనట్టు. అమ్మ వైపు తిరిగి, "నీకూ తెలుసునా?" అన్నాడు. అమ్మ నేల చూసింది. తర్వాత నా వైపు చూశాడు. నన్నేమీ అడగలేదు. "ముందు జవాబు చెప్పున్నా," అని చిన్నాయన గట్టిగా అన్నాడు. నాయన లేచి నిలబడ్డాడు. "నేను నోటితో గదరా చెప్పల్ల? నా నోటిని నమ్మేవాడివైతే మీటరు యాల చూస్తావు?" అన్నాడు. చెంబు అరుగు మీద పెట్టి, "భాగాలు పంచుకుందాం," అన్నాడు. అంతే. పెద్దమనుషులు వచ్చి ఎన్ని విధాల నచ్చజెప్పినా ఆ మాట మార్చుకోలేదు. యాడికి పోతాండావప్పా అని వాళ్ళడిగినా, అవ్వ కాళ్ళు పట్టుకున్నంత పని చేసినా, "నేను చెప్పను," అన్నాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఒక్కరోజు తమ్ముణ్ణి బండెక్కించుకుని పోయుంటే ఏం పోయేది? పక్కన కూర్చోబెట్టుకుని, ఇదిగోరా ధర్మవరం, ఇదిగో నీ మీటరు అని చూపించి ఉంటే ఏం పోయేది? పౌరుషం! అది తిండి పెట్టదు, నిద్రా పట్టనివ్వదు.

భాగాల్లో బండి నాయనకు వచ్చింది. ఇల్లు, చింతచెట్ల గుత్తలు చిన్నాయనకు. మేం హిందూపురంలో రెండు గదుల ఇంటికి మారాం. నాయన బాడుగలకు తిరిగాడు. అమ్మ ఆయనకు వండి పెట్టింది, జ్వరమొస్తే కూర్చుని చూసుకుంది, చొక్కాలు ఉతికింది. ఒక్కసారి కూడా గట్టిగా అడగలేదు. కానీ బస్సులో ధర్మవరం పోవాల్సి వస్తే ఆఖరి ఏడెనిమిది కిలోమీటర్లూ కిటికీ వైపు జరిగి కూర్చునేది. రోడ్డు పక్క ప్రతి ఇంటినీ, ప్రతి గడపనూ, గడపలో నిలబడ్డ ప్రతి ఆడదాన్నీ చూసేది. నేను నిద్రపోయినట్టు కళ్ళు మూసుకునేదాన్ని. నాయన చనిపోయిన రోజు బంధువులు ఒక్కొక్కరే వచ్చి అమ్మను పట్టుకుని ఏడుస్తుంటే, ఆమె వాళ్ళ భుజాల మీదుగా వాకిలి వైపు చూస్తూనే ఉంది. ముందు నాకర్థం కాలేదు. తెలియని ఆడమనిషి ఎవరైనా వస్తుందేమోనని చూస్తోంది. ఎవరూ రాలేదు. తను కన్నుమూసే ముందు కూడా ఒకసారి నన్ను దగ్గరికి పిలిచి, "ఆ పొద్దు జనంలో నేను గమనించలేదేమో, ఎవురన్నా వచ్చినారా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. ఆమె నమ్మలేదు.

చావులకూ పెళ్ళిళ్ళకూ రాకపోకలు మళ్ళీ కలిశాయి. పాత సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఆ రోజు అరుగు మీద చిన్నాయన పక్కన కూర్చుని ఇదంతా తలచుకుంటూ ఉండగానే మధ్యాహ్నం దాటింది. బాబ్జాన్ ఖాళీ బండితో తిరిగొచ్చాడు. గంగాధర నేరుగా పోయి బండి తలుపు తీశాడు. తండ్రి పెట్టినట్టే ఒక కాలు లోపల పెట్టి వంగాడు.

"బాబ్జాన్, మళ్ళా తక్కువొచ్చినాది. నిజం చెప్పు. యాడికి పోయొచ్చినావు?"

"ధర్మారమే అన్నా. కావాలంటే ఫోన్లో చూసుకో. పోయిన దారంతా గీత గీసి చూపిస్తాండాది."

"ఫోన్ ధర్మారం పోయినాదిలే. బండి పోయినాదా అంటాండా. నీ ఫోన్ ఇంకొగనికిచ్చి పంపినావేమో?"

బాబ్జాన్ తాళం చెవి తెచ్చి అరుగు మీద పెట్టేశాడు. మొహం ఎర్రబడింది. "టైర్లు మార్చినకాడి నుంచీ నన్ను దొంగ మాదిరి చూస్తాండావన్నా. అంతకుముందు ఒగ్గ మాట అన్లేదు. నాకొద్దు ఈ పని," అన్నాడు.

చిన్నాయన మంచం మీద కదిలాడు. "ఏమన్నావప్పా? మళ్ళా చెప్పు. టైర్లు మార్చినకాడి నుంచా?" అన్నాడు. బాబ్జాన్ మళ్ళీ చెప్పాడు. చిన్నాయన కాసేపు తన అరచేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత, "గంగా, ఈ మంచం పట్టె నీ చేత్తో కొల్చు, ఎన్ని మూరలొస్తాదో," అన్నాడు. గంగాధరకు విసుగొచ్చింది, కానీ తండ్రి మాట తీసేయలేక మోచేయి ఆనించి కొలిచాడు. వాడివి పొడుగు చేతులు. "ఇప్పుడు నువ్వు కొల్చు పాపా," అన్నాడు నాతో. నాకు అరవై దగ్గర పడుతున్నా ఆయనకు నేను పాపనే. పట్టె పక్కన వంగి కొలిచాను. నావి పొట్టి చేతులు. నాకు ఎక్కువ మూరలు వచ్చాయి. చిన్నాయన పట్టె మీద చేయి వేసి నిమిరాడు. "మంచం అదే గదా," అన్నాడు. గంగాధర మొహం చూస్తే వాడికింకా అర్థం కాలేదని తెలుస్తోంది. నాకు అర్థమైంది. పెద్ద చక్రం తక్కువ చుట్లు తిరుగుతుంది, మీటరు చుట్లనే లెక్కపెడుతుంది, దారి మాత్రం ఎంత ఉండేదో అంతే ఉంటుంది. మంచం పట్టె పట్టుకునే నిలబడ్డాను. చిన్నాయన నా వైపు చూడలేదు. "ఆ అబ్బీకి తాళం ఇచ్చేయిరా," అన్నాడు కొడుకుతో. కాసేపటికి, "రేపు నన్ను ధర్మారం తీసకపోండి," అన్నాడు.

పొద్దున్నే బయల్దేరాం. బాబ్జాన్ తోలుతున్నాడు, మధ్యలో చిన్నాయన, ఈ చివర నేను. గంగాధర ఇంటి దగ్గరే ఉండి ఫోన్లో మమ్మల్ని చూస్తూ ఉంటానన్నాడు. చిన్న చుక్క రోడ్డు మీద పాకుతూ పోతుందట, అది మేమట. బాబ్జాన్‌కు దాని మీద ఏ కోపమూ లేదు. "అది అందరికీ ఉంటాదక్కా, అదేమంత," అన్నాడు. నాకు ఆశ్చర్యంగా ఉంది. ఇప్పుడు కూతురు కాలేజీకి పోతే చుక్క, మొగుడు ఆఫీసుకు పోతే చుక్క, బండికి చుక్క. అందరూ అందరినీ చూస్తున్నారు, చూస్తున్నామని చెప్పి మరీ చూస్తున్నారు. ఎవరికీ చురుక్కుమనదు. మా నాయనకైతే ఒక్క మీటరు చూపు చాలింది, ఇల్లు రెండు ముక్కలు కావడానికి. ఇది మంచిదా, అది మంచిదా అంటే నేను చెప్పలేను. చెప్పకుండా చూడటం కన్నా చెప్పి చూడటం మేలేమో. చూడకుండా ఉండటం మాత్రం మా వంశంలో ఎవరికీ చేతకాలేదు, ఆ ఒక్క మనిషికి తప్ప.

హిందూపురం దాటాం. పెనుకొండలో కాఫీకి ఆపితే చిన్నాయన దిగలేదు. ఆపరేషన్ అయిన కళ్ళకు మీటరు అంకెలు సరిగా కనిపించవు. "ఇప్పుడెంత పాపా?" అని దారి పొడవునా నన్ను అడుగుతూనే ఉన్నాడు. నేను చదివి చెబుతూనే ఉన్నాను. ధర్మవరం దగ్గర పడుతుండగా, అమ్మ కిటికీలోంచి చూస్తూ పోయిన ఆ ఇళ్ళే మళ్ళీ వచ్చాయి. ఒక ఇంటి ముందు ఒకామె మగ్గం నూలు ఆరేస్తోంది. ఇంకో ఇంటి ముందు పిల్లలు. ఏ ఇల్లూ ఏమీ చేయలేదు పాపం. సెట్టి అంగడి ఉన్న వీధిలో బండి ఆపించాం. అంగడి లేదు, ఆ చోట పట్టుచీరల దుకాణం ఉంది. చిన్నాయన మీటరు ఆఖరిసారి అడిగాడు, చెప్పాను. ఈ బండి వేరు, ఈ టైర్లు వేరు, రోడ్డు కూడా వెడల్పు చేశారు, కాబట్టి సరిగ్గా ఆనాటి అంకె కాదు. కానీ తక్కువే. నడి ఊళ్ళో నిలబడి ఉన్నా మీటరు మాత్రం ధర్మవరం ఇంకా రాలేదంటోంది.

చిన్నాయన దిగుతానన్నాడు. బాబ్జాన్, నేను చెరో రెక్కా పట్టుకుని దింపాం, ఆ టైర్ల మీద బండి ఎత్తుగా ఉంది. రోడ్డు మీద నిలబడి, ఆ వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. "మాయన్న ఈడికే వచ్చేవాడు పాపా," అన్నాడు. మా నాయన అబద్ధం ఆడలేదు. ఒక్కరోజు కూడా ఆడలేదు. నాకు ఏడుపు రావాలి, కానీ ముందు కోపమే వచ్చింది, ఈ ముసలాయన మీద, నా మీద, నోరు విప్పని ఆ మనిషి మీద. ఏదో అనబోయాను. చిన్నాయన నా చేయి పట్టుకున్నాడు.

"మీయమ్మకు ఎవురు చెప్పల్ల ఇప్పుడు?" అన్నాడు.